ఒకే ఫలకము, పలు వర్ణములు

అచ్చుబొమ్మ అనగానే కోయంబత్తూరు, మధురలలోని మన ఇండ్లలో కేలండరు బొమ్మయే తలపునకు వచ్చును. అచ్చయినది అసలు కాదను చిన్నచూపు మనకు కలదు. 1925లో చిత్తూరు సీమలో జన్మించి, 2018లో న్యూయార్కులో కన్నుమూసిన కృష్ణారెడ్డిగారి ముద్రాచిత్రములను చూచిన పిదప ఆ చూపు నిలువదు.

శాంతినికేతనమున విద్యార్థియై, మదరాసు కళాక్షేత్రమున బోధకుడై, పిమ్మట ప్యారిస్‌లో ఆయన హేటర్ ముద్రణశాలను చేరినారు. స్పెయిన్ చిత్రకారుడు మీరో కూడ హేటర్ శాలలో పనిచేసినవాడే. మీరో ముద్రలలో రంగు కాగితముపై చదునుగా పరచుకొనును. రెడ్డిగారిది ఫలకపు లోతులనుండి పైకివచ్చు రంగు. ఆయన శిల్పి, లోహమును పలు మట్టములుగా తొలిచినారు. నూనె హెచ్చుతగ్గులు గల సిరాలను మెత్తని, గట్టి రోలర్లతో పూసినచో అవి కలిసిపోవు. ఒక్క ఒత్తిడిలో అన్నియు అచ్చుపడును. 1963 నాటి ‘సుడిగుండము’లో నీటి వడి ఈ లోతులవలననే కలిగినదని మా అభిప్రాయము.

వీథిలో తమిళము, ఇంట తెలుగు పలుకు మనకు ఈ పద్ధతి పరాయిది కాదు. అయితే రంగులు తమంత తాము వేరుగా నిలువవు. ప్రతి ప్రతికిని నూనెపాళ్లు సరిచూచి, సిరాను మరల పూయవలెను. ఏమరినచో మిగులునది మడ్డియే.