‘పాడాడు’లో రెండు దీర్ఘాలు

‘పాడాడు’ అని ఒకసారి పైకి అనండి. పాఠం అప్పజెప్పినట్టు కాదు, బ్రాడీపేట అడ్డరోడ్డు మీద స్నేహితుడితో అన్నట్టు. రాతలో రెండు దీర్ఘాలూ ఒకటే. నోట్లో ‘పా’ వేరు, ‘డా’ వేరు. ‘పా’కు నోరు బాగా తెరుచుకుంటుంది. ‘డా’ దగ్గర నాలుక ముందుకు జరిగి, ‘బ్యాంకు’లో వినిపించే అచ్చు పలుకుతుంది. దానికి మన వర్ణమాలలో గుర్తు లేదు. ఇప్పుడు ‘పాడాలి’ అనండి. అదే ‘డా’, కానీ ఈసారి అసలైన ఆకారం!

ఈ తేడా క్రియ పుట్టుకలోనే ఉంది. ‘పాడినాడు’లో నకారం జారిపోయి, ఇకారమూ ఆకారమూ కలిసి ఈ కొత్త అచ్చు అయ్యాయి. ఆ ఇకారం ‘పాడింది’లో ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది. ‘పాడాలి’ వచ్చింది ‘పాడవలె’ నుంచి, అక్కడ ఇకారం ఊసే లేదు. ‘అన్నాడు’, ‘విన్నాడు’ల్లో పోయింది ఇకారం, నిలిచింది నకారం. అందుకే అక్కడ శుద్ధమైన ఆకారం. ‘వచ్చాడు’లోని చకారాన్ని కూడా గమనించండి. ‘చాప’, ‘చాలు’ల్లోలాగా పళ్ళకు తగలదు, ‘వచ్చింది’లోలాగా అంగిట్లోనే పలుకుతుంది. ఉత్తర కోస్తా కథకులు కొందరు ‘వచ్చేడు’ అని రాసింది ఈ పలుకు కోసమే.

ఒంగోలులో 1928లో పుట్టిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు ధాతువుల మీద లోతుగా పనిచేశారు. ‘తెలుగు వెర్బల్ బేసెస్’ 1961లో వచ్చింది. 1985లో జె.పి.ఎల్. గ్విన్‌తో కలిసి రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో ఈ అచ్చును విడిగా లెక్కించారు.

ఇంటర్లో రెండో భాషగా ఫ్రెంచి తీసుకున్న పిల్లలకు ఇలాంటి చిక్కే అటునుంచి ఎదురవుతుంది. ‘అతను ప్రేమిస్తాడు’ అనడానికి ‘ఇ-లెమ్’, ‘వాళ్ళు ప్రేమిస్తారు’ అనడానికి ‘ఇల్-జెమ్’ అంటారు. రాతలో క్రియ చివర రెండక్షరాలు చేరినా చెవికి రెండూ ‘ఎమ్’ మాత్రమే. ఒకరా, పలువురా అన్నది మధ్యలో తగిలే జకారం చెబుతుంది. సర్వనామం చివరి హల్లు క్రియ మొదటి అచ్చును అందుకుంటుంది. ‘వాడు అన్నాడు’ అన్నది ‘వా-డన్-నా-డు’ అయ్యే మనకు ఇది కొత్త కాదు.

ఇలా విని విడగొట్టే విద్య మన ఛందస్సులో ఎప్పటినుంచో ఉంది. రాసేటప్పుడు ‘వ-చ్చా-డు’ అంటాం, గొంతు ‘వచ్-చా-డు’ అంటుంది. ఆ ఆగుడును విన్నారు కనుకే లాక్షణికులు ‘వ’ను గురువన్నారు. ‘వచ్చాడు’ తగణం. ‘వచ్చినాడు’ అంటే రగణం మీద ఒక లఘువు. బడిలో గణవిభజనను పెన్సిలు గీతలకు, రెండు మార్కులకు కుదించేశాం. అది నాకు బాధగా ఉంటుంది. ముందు పద్యం గట్టిగా చదివించి, ఆ తర్వాతే గీతలు పెట్టించాలి. మన ఇళ్ళలో ‘పాడాడు’లాంటి పలుకు ఎవరూ నేర్పకుండానే వస్తుంది. విదేశాల్లో అక్షరాలు చూసి తెలుగు నేర్చుకునే మన పిల్లలకు అలా రాదు. వాళ్ళతో ‘పాడాడు, పాడింది, పాడాలి’ వరసగా అనిపించి, నాలుక ఎక్కడ కదిలిందో అడగాలి.