రాగిరేకు మీద యుద్ధం

యుద్ధం గెలిచినవాళ్లు కట్టించుకునే బొమ్మలు మనకు బాగా తెలుసు. గుర్రం, దాని మీద సేనాని, పైకెత్తిన కత్తి. నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి, వచ్చేపోయే పిల్లలకు అవే చరిత్ర చెబుతుంటాయి. వాటికి ఎదురు నిలిచిన సంప్రదాయం ఒకటి ఉంది. దాదాపు నాలుగు వందల ఏళ్ల కిందట యూరప్‌లో మొదలై మన బెంగాల్ దాకా వచ్చింది. చేతిలో పట్టుకుని చూసేంత చిన్న అచ్చు బొమ్మలవి.

వాటిలో ఎక్కువ భాగం ఎచింగ్ పద్ధతిలో చేసినవి. ఆ మాట అనగానే తెలుగువాళ్లకు మెదక్ ప్రాంతపు నిజాంపూర్‌లో పుట్టిన చిత్రకారుడు లక్ష్మా గౌడ్ గుర్తొస్తారు. ఆయన బొమ్మల్లో ఉండేది మన పల్లె; యుద్ధం కాదు. కానీ ఆ సన్నటి గీత ఎలా పుడుతుందో తెలిస్తే సగం సంగతి తెలిసినట్టే. రాగిరేకు మీద మైనం కలిసిన పూత పూస్తారు. సూదితో గీస్తే ఆ మేరకు పూత లేచిపోయి లోహం బయటపడుతుంది. రేకును యాసిడ్‌లో ముంచితే గీసినచోటల్లా తినేస్తుంది. ఎంతసేపు ఉంచితే గాడి అంత లోతు. పూత తీసేసి, గాళ్లలో సిరా కూరి, పైపైన గుడ్డతో తుడిచి, తడి కాగితం పరిచి ప్రెస్‌లో రోలర్ల మధ్య నొక్కుతారు. గాడిలోని సిరా కాగితానికి అంటుకుంటుంది. చిత్రకారుడు కాగితం మీద గీయనే గీయడు. రేకును గాయపరుస్తాడు, ఆ గాయమే బొమ్మవుతుంది. యుద్ధాన్ని చూసినవాళ్లు పదేపదే ఈ పద్ధతి దగ్గరికి రావడానికి ఇదొక కారణమని నా నమ్మకం. రెండో కారణం మామూలుదే. తైలవర్ణ చిత్రం ఒకరి గోడకే అతుక్కుపోతుంది, అచ్చు కాగితం ఊళ్లు తిరుగుతుంది.

లొరైన్ ప్రాంతవాసి జాక్ కాలో 1633లో యుద్ధ దుర్దశల మీద 18 బొమ్మలు అచ్చువేశాడు. వాటిలో సైనికులు ఇళ్లు దోస్తారు, పట్టుబడి చెట్టుకు వేలాడతారు. అయితే కాలో దూరం నుంచి చూస్తాడు, మనుషులు చీమలంత ఉంటారు.

ఆ దూరాన్ని చెరిపేసినవాడు స్పెయిన్ చిత్రకారుడు గోయా. 1808లో నెపోలియన్ సేనలు స్పెయిన్‌ను ఆక్రమించాయి. 1810 నుంచి పదేళ్లపాటు గోయా 80కి పైగా రేకులు చెక్కాడు. యుద్ధకాలంలో మంచి రాగి దొరకలేదు. అందుకని అంతకుముందు తాను ప్రశాంతమైన కొండలూ చెట్లూ చెక్కుకున్న రేకుల్ని సగానికి కోసి, వెనకవైపు వాడుకున్నాడు. అలా వచ్చిందే 30వ రేకు. ఇల్లు కూలిపోయింది. మనుషులు ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు. ఒక స్త్రీ తలకిందులుగా జారుతోంది, కుర్చీ ఇంకా గాల్లోనే ఉంది. చంపినవాడు బొమ్మలో ఎక్కడా లేడు. వెనకంతా బూడిదరంగు చీకటి. ఇలాంటి చీకటి కోసం గోయా మరికొన్ని చోట్ల ఇంకో పద్ధతీ వాడాడు. రేకు మీద గుగ్గిలంలాంటి జిగురుపొడి చల్లి, వేడిచేసి అంటించి, యాసిడ్‌లో ముంచుతారు. ఆ పద్ధతిని ఆక్వాటింట్ అంటారు.

గోయాను నేను ఇంతగా నమ్మడానికి కారణం 3వ రేకు. అందులో గొడ్డలి ఎత్తినవాడు స్పెయిన్‌వాడే, కిందపడినవాడు ఫ్రెంచి సైనికుడు. మనవాళ్ల చేతిలో గొడ్డలిని కూడా చూపించే ధైర్యం యుద్ధకాలంలో ఎంతమందికి ఉంటుంది? పోరు దగ్గరే ఆయన ఆగిపోలేదు. మాడ్రిడ్ కరువులో వీధుల్లో పడి ఉన్న శవాలనూ, పట్టనట్టు పక్కనుంచి నడిచిపోయే సంపన్నులనూ చెక్కాడు. 1814లో రాజు తిరిగొచ్చాడు, నోరువిప్పే వీలు పోయింది. గోయా 1828లో కన్నుమూశాడు. ఈ బొమ్మలు అచ్చయి లోకానికి అందింది 1863లో. అనుభవించిన తరం వాటిని చూడలేదు, ఆ తర్వాతి తరాలు చూశాయి.

జర్మన్ చిత్రకారుడు ఒట్టో డిక్స్ మొదటి ప్రపంచయుద్ధంలో మెషిన్‌గన్ పట్టినవాడు. ఆయన ‘యుద్ధం’ 50 బొమ్మల సంపుటి 1924లో వచ్చింది. డిక్స్ యాసిడ్‌ను అదుపులో పెట్టడానికి బదులు రేకు మీద దాని ఇష్టానికి తిననిచ్చాడు. శవాల అంచులు నిజంగానే కుళ్లినట్టు కనబడేది అందుకే. ఒక బొమ్మలో ఆసుపత్రి మంచం మీద సైనికుడు. ముఖం సగం మామూలుగానే ఉంది, తక్కిన సగం వైద్యులు అతుకులేసిన మాంసపు ముద్ద. యుద్ధం అయిపోయిందని లోకం అనుకుంటున్నప్పుడు అతనికి అది రోజూ అద్దంలో ఎదురవుతూనే ఉంది. 1933లో నాజీలు డిక్స్‌ను డ్రెస్డెన్ అకాడమీ ఉద్యోగం నుంచి తీసేశారు.

అదే దేశపు చిత్రకారిణి కేటె కోల్విట్జ్ యుద్ధభూమినే చూపలేదు. పద్దెనిమిదేళ్ల కొడుకు పీటర్ సైన్యంలో చేరతానంటే తండ్రి వద్దన్నాడు, ఆయన్ను ఒప్పించింది ఆమే. 1914 అక్టోబరులో పీటర్ బెల్జియంలో చనిపోయాడు. ఆ దుఃఖానికి రూపం ఇవ్వడానికి ఆమె ఏళ్ల తరబడి పెనుగులాడింది. ఎచింగ్ చాల్లేదు, రాతి అచ్చూ చాల్లేదు. చివరికి చెక్కను ఉలితో తొలిచి ఏడు బొమ్మలు చేసింది. నలుపూ తెలుపే, మధ్యలో ఛాయలు లేవు. మొదటి దానిలో ఒక తల్లి పసిబిడ్డను రెండు చేతులా పైకెత్తి సమర్పిస్తోంది. కొడుకుల్ని జెండాలతో సాగనంపే ఏ ఊరికైనా ఈ బొమ్మ చూపించాలి.

ఇక మన దేశం. రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగానే 1943లో బెంగాల్‌ను కరువు కబళించింది. మిడ్నపూర్ అంతా తిరిగి చిత్రకారుడు చిత్తప్రసాద్ గీసిన బొమ్మలతో ‘హంగ్రీ బెంగాల్’ పుస్తకం వచ్చింది. ఆ ప్రతుల్ని బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టింది. ఆయన వెంట బొమ్మలు నేర్చుకున్న చిట్టగాంగ్ కుర్రాడు సోమనాథ్ హోర్. జపాన్ బాంబులకు ఛిద్రమైన దేహాలను చూశాడు, ఆకలిచావులనూ చూశాడు. మూడు దశాబ్దాలు గడిచాక, 1970లలో, శాంతినికేతన్‌లో సిరానే వదిలేశాడు. మట్టి పలకను కత్తితో కోసి, పొడిచి, దాని మీద సిమెంటు అచ్చు తీసి, ఆ అచ్చులో కాగితపు గుజ్జు నొక్కేవాడు. ఆరితే తెల్లటి కాగితం, దాని మీద తెల్లటి గాట్లు, అక్కడక్కడా కొంచెం ఎరుపు. మనిషి బొమ్మ లేదు. ఎదురుగా నిలబడితే ఏమీ కనబడనట్టే ఉంటుంది. వెలుతురు పక్కనుంచి పడితే చర్మం చీలినట్టు తెలుస్తుంది.

వీటికి హోర్ ఊరి పేరుగానీ యుద్ధం పేరుగానీ పెట్టలేదు. అన్నీ ‘గాయాలు’, పక్కన ఒక అంకె. మరీ పొదుపు అని కొందరు అంటారు. నాకలా అనిపించదు. ఎవరు ఎవర్ని కొట్టారన్న వాదన మొదలయ్యేలోపే ఈ కాగితం దెబ్బతిన్న చోటుకు మన కంటిని తీసుకెళుతుంది.