ఒక్క ఫైలు, ఒక్క ఆదేశం

తిరుమల 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ల కోటాను దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో వదులుతారు. ఆధార్ నంబరు కొట్టి, డబ్బు కట్టి, టికెట్ దింపుకునే భక్తుడికి అదంతా ఒకే పని. ఇలాంటి ఏ బుకింగ్ వెనక చూసినా టికెట్ల లెక్క ఒకచోట, బ్యాంకు ఒకచోట, ఎస్సెమ్మెస్ పంపేది మరోచోట ఉంటాయి. వాటిని కలిపి కుట్టే పనినే ఇంటిగ్రేషన్ అంటున్నాం. దేవస్థానం లోపల ఏం వాడుతున్నారన్నది కాదు ఈ ముచ్చట. ఆ కుట్టుపనికి చేతికి అమరిన ఒక పనిముట్టు గురించి.

2003లో గ్రెగర్ హోప్, బాబీ వూల్ఫ్ ఈ పనిలో పదేపదే ఎదురయ్యే 65 పద్ధతులకు పేర్లు పెట్టి పుస్తకం వేశారు. 2007లో పుట్టిన అపాచీ కామెల్ వాటిని నేరుగా కోడ్‌లో రాసుకునే వీలిచ్చింది. 2018లో నికోలా ఫెరారో చొరవతో కుబర్నెటీస్ మీద నడిచే కామెల్ కె వచ్చింది. మనం చేత్తో పట్టుకునేది దాని కమాండ్‌నే.

‘టికెట్.యామల్’ అని ఒక చిన్న ఫైలు రాశామనుకోండి: కబుర్లు చేరవేసే కాఫ్కాలో బుకింగ్ కబురు పడగానే తీసుకో, ఎస్సెమ్మెస్ సేవకు అందించు, అది పలకకపోతే పక్కన దాచు. టెర్మినల్‌లో ‘కామెల్ రన్ టికెట్.యామల్’ అని కొడితే చాలు. డాకర్‌ఫైల్ లేదు, లైబ్రరీల జాబితా లేదు. ఫైల్లో ‘కాఫ్కా:’ అని మొదలయ్యే చిరునామా కనబడితే కాఫ్కా లైబ్రరీ కావాలని కుబర్నెటీస్ క్లస్టర్‌లోని కామెల్ కె ఆపరేటర్ తనే గ్రహిస్తుంది. ఈ పనితనంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే: మనం ఒకసారి రాసినదాన్ని మళ్లీ ఇంకోచోట రాయమని అడగదు.

మొదటిసారి మాత్రం ఓపిక పట్టాలి. ‘కామెల్ గెట్’ కొడితే ‘బిల్డింగ్ కిట్’ అన్న మాట చాలాసేపు కదలదు. కిట్ అంటే ఆ లైబ్రరీలన్నీ కలిపి కట్టిన ఇమేజ్. తర్వాత అవే లైబ్రరీలు చాలనుకునే మరో ఫైలు వస్తే కొత్తగా కట్టదు, పాత కిట్‌నే వాడుకుంటుంది. తిరుమల వంటశాల పోటులో బూంది సిద్ధంగా ఉంటే లడ్డూ కట్టడానికి ఎంతసేపు!

‘--డెవ్’ తగిలిస్తే ఇంకో మర్యాద కనబడుతుంది. ఫైల్లో ఒక అక్షరం మార్చి సేవ్ చేస్తే క్లస్టర్‌లో నడుస్తున్నదీ మారుతుంది, లాగ్ అదే కిటికీలో పారుతుంది. కంట్రోల్-సి నొక్కితే ఇంటిగ్రేషన్‌ను తుడిచేసి మరీ వెళ్తుంది. నలుగురు కలిసి వాడుకునే క్లస్టర్‌లో పాత ప్రయోగాల చెత్త ఎంత చికాకో తెలిసినవాళ్లు పెట్టిన ఏర్పాటిది.

ఇన్ని తనే చేసేస్తుంటే లోపల ఏం జరుగుతోందో మనకు అందదేమోనన్న అనుమానం న్యాయమైనదే. చిరునామాలో అక్షరం తప్పితే జావా గొణుగుడంతా లాగ్‌లోకి దిగుతుంది, అసలు తప్పు ఎక్కడో వెతుక్కోవాలి. అందులో నేర్పు తక్కువే. కానీ ‘రన్’ పక్కన ‘-ఓ యామల్’ పెడితే ఏదీ నడపకుండా, క్లస్టర్‌కు పంపబోయే కాగితాన్ని మన ముందు పరుస్తుంది. చదివి, గిట్‌లో పెట్టి, పక్కవాడికి చూపించి పంపొచ్చు.

పరీక్షలు గట్టెక్కాక ‘కామెల్ ప్రమోట్’. ఇది ప్రొడక్షన్ కోసం మళ్లీ బిల్డ్ చేయదు. మనం పరీక్షించిన ఇమేజే అక్కడ నడుస్తుంది. పరీక్షించింది ఒకటి, పదింటికి కోటా తెరిచాక నడిచేది ఇంకొకటి అన్న బెడద ఉండదు. ఎస్సెమ్మెస్ సేవ పాస్‌వర్డ్ లాంటివి ఇమేజ్‌లో ఉండవు, సీక్రెట్‌లో ఉంటాయి. కాబట్టి ప్రొడక్షన్‌లో అదే పేరుతో, అక్కడి విలువలతో, ముందే ఒక సీక్రెట్ పెట్టి ఉంచాలి.