నీరు తిరిగే వేళ

గోల్నాకలో పుట్టి పెరిగినవాళ్ళకు సముద్రం దూరపు చుట్టం. మాకు తెలిసిన నీళ్ళు మూసీ నీళ్ళు. తెలిసిన చేపలు రాంనగర్ మార్కెట్‌లో తూకం పళ్ళెం మీద తోక కొట్టే కొర్రమీను, బొచ్చె, రవ్వ. మృగశిర కార్తె వచ్చిందంటే ఆ మార్కెట్‌లో అడుగు పెట్టే చోటుండదు. చేపను కొనడమూ కోయించడమూ మాకు వచ్చు. చేప ఏ నీటిలో, ఏ పూట, ఎందుకు అక్కడికి వచ్చిందో మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు.

అందుకే ఉస్మానియాలో జంతుశాస్త్రం చదివిన నా మిత్రుడు కోరంగి వెళ్దామన్నప్పుడు నేను వెంటనే ఒక గుడారం, రెండు గాలపు కర్రలు కొన్నాను. దీవిలో రాత్రి బస, పడవ షికారు, చేపల వేట అంటూ ఒక పర్యటనల ప్రకటన చూపిన ఆశ అది. రాత్రి సికింద్రాబాద్‌లో గౌతమి ఎక్కి పొద్దున్నే కాకినాడలో దిగాం. బండిలో యానాం రోడ్డు పట్టుకుని చొల్లంగి దాటి కోరంగి చేరేసరికి మా సామాను చూసిన అటవీ సిబ్బంది ఒకరు మర్యాదగానే ఆపారు. ఇది అభయారణ్యం, ఇక్కడ గాలం వేయకూడదు, పొయ్యి వెలిగించకూడదు, గుడారం కట్టకూడదు అన్నారు. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన 235 చదరపు కిలోమీటర్ల మడ అడవి అది. మేం దాన్ని విహారస్థలం అనుకుని బయల్దేరాం. నాకా అంటే వచ్చేపోయేవాళ్ళను ఆపి చూసే కాపలా చోటు. పేరులోనే నాకా ఉన్న బస్తీవాణ్ణి, లోపలికి ఏది తీసుకుపోకూడదో అడిగి బయల్దేరాలన్న సంగతి నాకు తట్టనే లేదు.

గాలపు కర్రలు బండిలోనే ఉండిపోయాయి. వాటి పుణ్యమా అని అసలైన వేట చూశాను.

మొదట పడవ. చెక్క వంతెన చివర రేవులో ఎక్కితే కోరంగి పాయ వంకరలు తిరుగుతూ మడల మధ్యకు తీసుకుపోతుంది. పడవ నీటి మట్టంలో ఉంటుంది కాబట్టి అడవిని వేళ్ళ వైపునుంచి చూస్తాం. తెల్లమడ చుట్టూ బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేలకొద్దీ ఊపిరి వేళ్ళు. గాలి ఆడని బురదలో ఉన్న చెట్టు ఆ వేళ్ళతో పైనుంచి గాలి పీలుస్తుంది. ఉప్పుపొన్న కొమ్మలనుంచి దిగి నేలలో పాతుకున్న కాళ్ళలాంటి వేళ్ళు. దాని గింజ చెట్టు మీదే మొలకెత్తి, జానెడు పొడవు కర్రలా పెరిగాకే తల్లిని విడుస్తుంది. తిల్ల చెట్టు కొమ్మ విరిస్తే పాలు కారతాయి, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఈ వేళ్ళ సందుల్లోనే రొయ్య పిల్లలు, పండుగప్ప పిల్లలు, మట్టపీతలు దాక్కుని పెరుగుతాయి. పెద్ద చేప దూరలేని ఇరుకు వాటికి కోట గోడ. నీటిపిల్లి ఉండేదీ ఇక్కడే. ఒడ్డున కూర్చుని పంజాతో నీటిపై మెల్లగా తట్టి, ఏదో పురుగు పడిందని చేప పైకి రాగానే పట్టేస్తుందట. మాకు అది కనబడలేదు. తడి బురద మీద దాని అడుగుల జాడ మాత్రం పడవ నడిపే అబ్బాయి చూపించాడు.

మనుషుల వేట చూసింది ఆ సాయంత్రం, అభయారణ్యం హద్దుకు బయట, ఒక పల్లె పక్క పాయలో. అరవై దాటిన పెద్దాయన ఒకరు దోనె పక్కన వల మడిచి పెట్టుకుని ఊరికే కూర్చున్నారు. నేను ఆత్రంగా అడిగాను.

“బాబాయ్, వల వెయ్యరా?”

“ఇప్పుడేత్తే ఏటొత్తది బాబూ? నీరు తిరగాలండి.”

అరగంట కూర్చున్నాం. ఆయన మాట్లాడుతూనే ఉన్నారు గానీ కన్ను మాత్రం నీటిలో పాతిన ఒక కర్ర మీదే ఉంది. ఆ కర్రకు చిక్కుకున్న గడ్డిపరక లోపలి వైపు ఊగుతున్నంతసేపూ పోటు. అది నిలిచిపోయి, తర్వాత సముద్రం వైపు వాలితే పాటు మొదలైనట్టు. ఆయన వలను చేతిలోకి తీసుకున్నది ఆ గడ్డిపరక వాలాకే.

ఈ ఎదురుచూపు వెనక ఒక గణితం ఉంది. సముద్రం రోజుకు రెండుసార్లు ఎక్కుతుంది, రెండుసార్లు దిగుతుంది. అయితే ఈ రోజు ఎక్కిన వేళకే రేపు ఎక్కదు. చంద్రుడు రోజూ కాస్త ఆలస్యంగా వస్తాడు కనుక పోటూ దాదాపు యాభై నిమిషాలు వెనకబడుతుంది. పాత లెక్కలో రోజుకు అరవై గడియలు, గడియకు ఇరవై నాలుగు నిమిషాలు. అంటే పోటు రోజుకు రెండు గడియలు వెనక్కి జరుగుతుందన్నమాట. పదిహేను రోజులకు ముప్ఫై గడియలు, సరిగ్గా పన్నెండు గంటలు. అందుకే అమావాస్య నాడు పోటు వచ్చిన వేళకే పౌర్ణమి నాడూ వస్తుంది. తిథి తెలిస్తే గడియారం లేకుండానే నీటి వేళ చెప్పవచ్చు. బడి మొహం చూడని మనిషి ఈ లెక్కను వేళ్ళ కణుపుల మీద వేయడం చూశాను.

వేళ ఒక్కటే కాదు, నీటి బలమూ తిథిని బట్టే ఉంటుంది. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యచంద్రులు ఒకే వరుసలో ఉండి లాగుతారు కాబట్టి నీరు బాగా ఎక్కి, బాగా దిగుతుంది. ఆ లాగుడు ఫలితం ఒకటి రెండు రోజులు ఆలస్యంగా కనబడుతుంది, అందుకే విదియ, తదియల్లో పాయలో నీటి దూకుడు ఎక్కువ. అష్టమి వెళ్ళాక నీరు మందగిస్తుంది. పెద్ద పోటులో చేపలు మడల లోతుల్లోకి, మామూలు రోజుల్లో తడవని చోట్లకు కూడా మేతకు పోతాయి. నీరు దిగుతున్నప్పుడు అన్నీ పాయలోకి రావాల్సిందే. వేటగాడు చేప వెంట పడడు. చేప తిరిగివచ్చే దారిలో నిలబడతాడు.

కట్టువల సూత్రం ఇదే. నీరు దిగి బురద బయటపడ్డప్పుడు పాయ మూతికి అడ్డంగా కర్రలు పాతి, వల అడుగు అంచును బురదలో పూడ్చి, మిగతా వలను కిందికి అణిచి ఉంచుతారు. పోటులో చేపలు దాని మీదుగా లోపలికి పోతాయి. నీరు నిండాక వలను పైకెత్తి కర్రలకు కట్టేస్తారు. ఇక పాటు మొదలైతే నీరు వెళ్ళిపోతుంది, చేప ఆగిపోతుంది. శ్రమంతా మనిషిది కాదు, సగం పని చంద్రుడు చేసిపెడతాడు.

విసురువల సంగతి వేరు, అది పూర్తిగా ఒంటి మనిషి విద్య. దూరంనుంచి గుండ్రంగా విచ్చుకుని నీటి మీద పడే ఆ వలను ఫొటోల్లో అందరమూ చూశాం. అది చేతిలో ఎలా ఉంటుందో చూసినవాళ్ళు తక్కువ. నడిమి కొసకు కట్టిన తాడు ఎడమ మణికట్టుకు ఉచ్చులా ఉంటుంది. వలలో కొంత ఎడమ చేతిలో మడతలుగా, కొంత మోచేతి మీద, మిగిలింది కుడి చేతిలో. అంచు కొసను పళ్ళ మధ్య పట్టుకుంటారు. నడుము ఒకసారి వెనక్కి తిప్పి ముందుకు విడిచేటప్పుడు మూడూ ఒక వరుసలో వదలాలి. ముందు కుడి చెయ్యి, తర్వాత మోచెయ్యి, చివర్లో పళ్ళు. పళ్ళు ఒక్క క్షణం ఆలస్యమైతే వల గుమ్మడికాయలా ముద్దగా పడుతుంది. నేను నేల మీద ప్రయత్నిస్తే ప్రతిసారీ అలాగే పడింది. అంచు పొడవునా కుట్టిన సీసపు గుళ్ళు వలను వేగంగా అడుక్కి దించుతాయి. అంచు లోపలి వైపుకు మడిచి అక్కడక్కడా కుట్టిన సంచులుంటాయి. వల లాగేటప్పుడు బెదిరిన చేప కిందికి దూకి ఆ సంచుల్లో పడుతుంది. తాడును గుంజకూడదు. సీసం నేలను రాసుకుంటూ వచ్చేలా మెల్లగా, చిన్నచిన్న లాగుళ్ళతో తేవాలి. అడుగున చెట్టు మోడు తగిలితే ఆ సంగతి మణికట్టుకు ముందే తెలుస్తుందట.

ఇప్పుడు వలలన్నీ నైలానువి. నూలు వలల కాలంలో అవి ఉప్పునీటికి కుళ్ళిపోకుండా మడజాతి చెట్ల బెరడు కాచిన కషాయంలో నానబెట్టేవారు. ఏ అడవి చేపను పెంచిందో ఆ అడవే వలనూ కాచింది.

విసురువల విలువ దాని కంట్లో ఉంది. వల కన్ను పెద్దదైతే చిన్న చేప తప్పించుకుపోతుంది. పెద్దాయన ఆ పూట పదిహేను సార్లు విసిరారేమో. కత్తిపరిగెలు, కొన్ని రొయ్యలు, అరకిలో తూగే పండుగప్ప ఒకటి వచ్చాయి. వేలెడు పొడవు పండుగప్ప పిల్ల ఒకటి సంచిలో చిక్కుకుంటే దాన్ని తీసి నీళ్ళలో వేశారు. పెద్దయితే నాకే వస్తాది కదండీ అన్నారు. అందులో దయ, ధర్మం లాంటి మాట ఏదీ లేదు. రేపు కూడా ఇదే పాయకు వచ్చే మనిషి లెక్క అది.

మట్టపీతల వేటకు కావలసింది ఒక ఇనుప కొక్కెం, బురద చదివే కన్ను. బొరియ నోటి దగ్గర బురద కొత్తగా తోడినట్టుంటే పీత లోపలుంది. కొక్కెం దూర్చి కదిపితే అది తన డెక్కతో పట్టుకుంటుంది. ఆ పట్టు మీదే బయటికి లాగి, డెక్కలు రెండూ ముడిచి తాడుతో కట్టేస్తారు. ఈ ముడి వేయడానికి పడే సమయం మూడు నాలుగు సెకన్లు. తప్పితే వేలు నుజ్జవుతుంది.

సంప్రదాయమంతా ఇలా మితంగానే ఉందని రాస్తే అబద్ధమవుతుంది. దసరా దాటి తూర్పుగాలి తిరిగాక యానాం దగ్గర గోదావరి మొగలో చీరమేను వస్తుంది. సన్నటి దారపు ముక్కల్లాంటి చేప పిల్లలు, వల కంట్లో నిలవవు, అందుకే చీరలతో పడతారు. పేరు అలా వచ్చిందే. గ్లాసులతో, బకెట్లతో కొలిచి అమ్ముతారు. వండితే ఆ రుచికి గోదావరి జిల్లాలు ప్రాణమిస్తాయి. నేనూ తిన్నాను, బాగుంది. కానీ పెద్దవి కావలసిన పిల్లలను బకెట్లకొద్దీ తినేస్తున్నామన్న గుబులు నన్ను వదల్లేదు. నాలుగు ఇళ్ళవాళ్ళు చీర పట్టుకు నిలబడిన రోజుల్లో అది పండుగ. హైదరాబాద్ దాకా గిరాకీ పాకిన రోజుల్లో అదే చీర వేరే పని చేస్తుంది. 1990లలో రొయ్యల చెరువుల కోసం టైగర్ రొయ్య పిల్లను ఏరినప్పుడూ ఇదే జరిగింది. కావలసిన పిల్లను తీసుకుని, దానితో పాటు వలలో పడ్డ లెక్కలేనన్ని ఇతర పిల్లలను ఒడ్డున పారబోశారు. పాతకాలపు పనిముట్టు అయినంత మాత్రాన పాతకాలపు మితం దానితో పాటు రాదు.

ప్రభుత్వం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మర పడవల వేటను ఆపుతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నిషేధం. పాయల్లో చేతివల వేసుకునేవాళ్ళకు తిథులే ఒక రకం విరామం ఇచ్చేవి. నీరు మందగించిన రోజుల్లో వల ఆరబెట్టుకుని చినుగులు అల్లుకోవడం వాళ్ళ అలవాటు.

మడ అడవిని తిరిగి బతికించిన పద్ధతి కూడా ఈ నీటి చదువే. చెట్లు నరికేసిన చోట నేల కుంగి, ఎక్కిన నీరు దిగక నిలిచిపోయి, ఎండకు ఇగిరి బురద ఉప్పు మేటవుతుంది. అక్కడ మొక్క నాటితే బతకదు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, పల్లెల జనం కలిసి చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. నడుమ పెద్ద కాలువ, దానికి ఇరువైపులా పిల్ల కాలువలు. పోటు లోపలికి, పాటు బయటికి తిరగడం మొదలుపెట్టాక ఉప్పు కడుక్కుపోయింది, మొక్క నిలిచింది.

ఇక్కడ అడవి ఎందుకు అవసరమో చెప్పడానికి కోరంగి చరిత్ర ఒక్కటే చాలు. ఒకప్పుడు ఓడలు కట్టిన పెద్ద రేవు ఇది. బర్మాలో తెలుగువాళ్ళందరినీ కోరంగీలు అని పిలిచేంత పేరున్నది. 1789 డిసెంబరులో, మళ్ళీ 1839 నవంబరులో సముద్రం మీద పడి ఊరిని ఊడ్చేసింది. సైక్లోన్ అనే మాటను పుట్టించిన కలకత్తా అధికారి హెన్రీ పిడింగ్టన్ 1789 నాటి కోరంగి ఉప్పెన గురించి రాశాడు, వరుసగా వచ్చిన మూడు రాకాసి అలల సంగతి. 1996 నవంబరు 6న వచ్చిన తుపానులో ఈ తీరంలో వెయ్యిమందికి పైగా పోయారు. మడల వెనక ఉండడంతో గాలి, అల తమ ఊరికి తగ్గాయని చెప్పే పల్లెలు ఇక్కడున్నాయి.

ఒక సంగతి నన్ను సిగ్గుపడేలా చేసింది. ఈ జాలరులకు రోజూ కెరటాల ఎత్తు, గాలి వేగం, ఏ వైపు చేప దొరకవచ్చో చెప్పే కేంద్రం సముద్రం లేని మా హైదరాబాద్‌లోనే ఉంది. 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్, ప్రగతి నగర్‌లో. ఉపగ్రహాలు చూపే నీటి వేడినీ పచ్చదనాన్నీ కలిపి వాళ్ళు జాడ చెబుతారు. దాని గురించి నాకు పల్లెలో తెలిసింది. పెద్దాయన కొడుకు సముద్రానికి పోయేముందు ఫోనులో ఆ సమాచారం చూసుకుంటాడు. పాయలో మాత్రం గడ్డిపరకనే చూస్తానంటాడు తండ్రి. ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకే పళ్ళెంలో చేపల పులుసు వడ్డించుకుంటున్నారు, గొడవేమీ లేదు.

మర్నాడు కాకినాడనుంచి హోప్ ఐలాండ్ వైపు పడవలో వెళ్ళాం. గోదావరి ఇసుక రెండు వందల ఏళ్ళలో పేర్చిన దాదాపు 16 కిలోమీటర్ల నాలుక అది, కాకినాడ రేవుకు అలలు తగలకుండా అడ్డం పడుకుంది. శీతాకాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డెక్కి ఆ ఇసుకలో గుడ్లు పెడతాయి. వెలుగు చూస్తే వెనక్కి తిరిగిపోతాయి. నేను గుడారం వేసి మంట రాజేద్దామనుకున్నది ఆ ఇసుక మీదే.

గుడారాన్ని ఇంటికి వచ్చాక అటక మీద పెట్టేశాను. గోడ క్యాలెండరులో అంకె కింద సన్నటి అక్షరాల్లో ఉండే తిథిని ఇన్నేళ్ళూ ఉపవాసాలకే చూసేది మా అమ్మ. ఇప్పుడు నేనూ చూస్తున్నాను. పుష్య బహుళ అమావాస్య నాడు చొల్లంగిలో, తుల్యభాగ సముద్రంలో కలిసే చోట, జనం స్నానానికి వస్తారు. సప్తసాగర యాత్ర అక్కడే మొదలై అంతర్వేదిలో ముగుస్తుంది. ఆ అమావాస్య దాటిన విదియ, తదియల్లో పాయలో నీరు ఎలా పరుగెత్తుతుందో చూడాలనుంది. రెండు టికెట్లు తీసుకున్నాం, ఈసారి ఒక్కొక్కరికి ఒక చేతి సంచి.