అచ్చులో పుట్టిన రెక్క

ఖమ్మంలో ఫైబర్ విగ్రహాలు చేసే షెడ్డుకు పని ఉన్నా లేకున్నా వెళ్తుంటాను. అచ్చుకు మైనం పట్టించి, గ్లాస్ మ్యాట్ పరిచి, హార్డెనర్ కలిపిన రెసిన్‌ను బ్రష్‌తో పొడిచినట్టు అద్దుతారు. రుద్దితే మ్యాట్ చెదురుతుంది, పొడిస్తే గాలి బుడగలు బయటికొస్తాయి. మే నెల ఎండలో హార్డెనర్ కాస్త ఎక్కువైతే చాలు, రెసిన్ డబ్బాలోనే గట్టిపడి పొగలు కక్కుతుంది.

ఇదే పనితనం 1950లలో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఒక గ్లైడర్‌ను పుట్టించింది. ఆకాఫ్లీగ్ అనే విద్యార్థి బృందంలోని హెర్మన్ నేగెలె, రిచర్డ్ ఎప్లర్ కలిసి, ఒక్కరే కూర్చునే గ్లైడర్‌కు మొదట బాల్సా చెక్కనే అనుకున్నారు. తర్వాత గ్లాస్ ఫైబర్, పాలియెస్టర్ రెసిన్ వైపు మళ్లారు. 1957 నవంబర్ 27న ‘ఫీనిక్స్’ అనే ఆ గ్లైడర్ మొదటిసారి ఎగిరింది. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 16 మీటర్లు. ప్రపంచంలో ఫైబర్‌గ్లాస్‌తో కట్టిన మొదటి గ్లైడర్ అదే.

ఫైబర్ అనగానే అందరూ తేలిక అంటారు. నన్నడిగితే అసలు లాభం నునుపు. ఎప్లర్ లెక్కగట్టిన రెక్క ఆకారం మీద గాలి చెదరకుండా పొరలుగా జారాలి. చెక్క రెక్కలో పక్కటెముకల మధ్య ప్లైవుడ్ కొద్దిగా కుంగుతుంది, తేమకు ఉబ్బుతుంది. కంటికి ఆనని ఆ ఎగుడుదిగుడే గాలిని చెదరగొడుతుంది. అచ్చులో పోసిన రెక్కకు ఆ బాధ లేదు. పైపొర అచ్చును ఆనుకునే గట్టిపడుతుంది కాబట్టి అచ్చుకున్న నునుపంతా రెక్కకు వస్తుంది. పలచని రెండు గాజు పొరల మధ్య బాల్సా ఇరికించడంతో అవి వంకర పోకుండా నిలిచాయి.

ఫలితం? మీటరు ఎత్తు కోల్పోయేలోగా దాదాపు 40 మీటర్లు ముందుకు. భద్రాచలం మీద కిలోమీటరు ఎత్తులో వదిలితే, ఎదురుగాలి లేని రోజున అడవి మీదుగా కొత్తగూడెం దాటిపోతుంది!

ఆ తర్వాత 1964లో ఎగిరిన లిబెల్లె అనే ఫైబర్ గ్లైడర్ వందకు పైగా తయారైంది. మన దేశంలో 1961లో ఎగిరిన రోహిణి చెక్కదే. మంచి శిక్షణ గ్లైడర్ అది, దాన్ని తక్కువ చేయను. నా దిగులల్లా ఈ పని చేత్తో చేసి చూడని మన ఇంజినీరింగ్ పిల్లల గురించే. రెసిన్ ఖమ్మంలోనే దొరుకుతుంది, అచ్చు తీసే మేస్త్రీలూ ఇక్కడే ఉన్నారు. ఫైనలియర్ ప్రాజెక్టుగా ఒక్క మీటరు రెక్క ముక్కను ఆ మేస్త్రీల పక్కన పిల్లల్ని కూర్చోబెట్టి పోయించండి. వాటర్ పేపర్‌తో అచ్చు రుద్దే పని మాత్రం పిల్లల చేతే చేయించండి.