గీత పడినా పోయే నేల

ఇంటి నేలకు మొదటి శత్రువు ఇసుక. కుర్చీ జరిపినప్పుడు పడే గీత కూడా చాలాసార్లు దాని కాలి కింద చిక్కిన రేణువు గీసిందే. ఇసుకలో ఎక్కువగా ఉండేది క్వార్ట్జ్. 1812లో ఫ్రీడ్రిష్ మోస్ ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు వరస పెట్టినప్పుడు దానికి 7 దక్కింది. ఉక్కు కత్తి 5.5 దగ్గర ఉంటుంది. పాలరాయిలోనూ నాపరాయిలోనూ ఉండే కాల్సైట్‌ది 3. గట్టిది మెత్తదాన్ని గీస్తుంది కనుక, చెప్పుల అడుగున వచ్చే ఇసుకకు దాదాపు ఏ నేలా అతీతం కాదు.

మాధవరంలో ఈ లెక్కను మరీ గుర్తుంచుకోవాలి. 2011లో చెన్నై కార్పొరేషన్‌లో కలిసిన ఈ శివారులో జీఎన్‌టీ రోడ్డు లారీల దుమ్ము ఒకవైపు, కొత్త ఇళ్ళ కోసం పోసిన ఎం-శాండ్ మరోవైపు. రాతిని నలగ్గొట్టి చేసే ఆ ఇసుకకు నది ఇసుక కంటే అంచులు పదును.

ఇప్పుడు అందరూ వేయించేది విట్రిఫైడ్ టైల్స్. ఇవి పీల్చే నీరు బరువులో 0.5 శాతానికి మించదు, మరకలు లోపలికి ఇంకడం తక్కువ. గ్లేజు వేసిన టైల్స్‌కు 0 నుంచి 5 వరకు పీఈఐ తరగతి ఇస్తారు. ఇంటి హాలుకు 3, వీధి గదికి 4 ఉంటే మేలు. అయితే ఆ అంకె చెప్పేది తొక్కిడికి పైపూత ఎంత అరుగుతుందన్నదే. గీతను తట్టుకోవడం వేరే గుణం, దాన్ని విడిగా అడిగి తెలుసుకోవాలి. గ్లేజు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. అది చీరుకుపోతే మరమ్మతు లేదు. డబుల్ చార్జ్ టైల్‌లో రంగు పొర మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతు ఉంటుంది కాబట్టి గీత పడ్డా అడుగు రంగు బయటపడదు. మెరుపు ముదురు రంగుల్లో ప్రతి గీతా కనిపిస్తుంది, మ్యాట్ లేత రంగుల్లో దాగుతుంది.

గట్టిదనమే కావాలంటే లామినేట్‌ను మించింది లేదనిపిస్తుంది. దాని పైపొరలో కలిపే అల్యూమినియం ఆక్సైడ్ మోస్ వరసలో 9. కానీ అడుగున ఉన్నది చెక్కపొడి అట్ట. నీరు చేరితే ఉబ్బుతుంది. 2015 డిసెంబరు వరదలను చూసిన నగరంలో కింది అంతస్తుకు అది తగదు.

అందుకే నాపరాయిని తలుచుకోక తప్పదు. తమిళులు 'కడప్పా కల్' అంటారు. చెన్నై పాత ఇళ్ళలో వంటగట్టు, అలమారా అరలు, వసారా అన్నీ అదే. విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు రాతిపొరల మీద భూగర్భ సర్వే గ్రంథం రాశాడు; ఆ పొరల్లో నార్జీ అనే ఊరి పేరుతోనే ఒక సున్నపురాయి పొర ప్రసిద్ధమైంది. నాపరాయి సముద్రపు అడుగున పేరుకున్న సున్నపు బురద గట్టిపడ్డ రాయి కావడంతో పొరలు పొరలుగా విడుతుంది, పలక తీయడం తేలిక. బేతంచెర్ల, తాండూరు రాళ్ళూ ఆ కోవవే. మోస్ లెక్కన ఇది టైల్ ముందు నిలవదు, గీత ఇట్టే పడుతుంది. కానీ అంగుళం మందాన ఒకే రాయి. పాలిష్ మిషన్‌కు ముతక రాయి, సన్న రాయి మార్చి నీళ్ళు పోస్తూ తిప్పితే గీత ఉన్న పొర అరిగిపోయి కొత్త ముఖం వస్తుంది. కొన్నేళ్ళకోసారి ఇలా చేయించవచ్చు. మనవల కాలానికీ రాయి మిగులుతుంది. గీత నిలిచిపోని నేల కోసం వెతికేవారికి ఈ మెత్తని రాయే సరైన సమాధానం.

దానికి పులుపు పడదు. పులుసు ఒలికినా, నిమ్మరసం చిందినా వెంటనే తుడవాలి. బాత్రూం కడిగే యాసిడ్ తగిలితే నురగ వచ్చి రాయి కరుగుతుంది. నూనె పూస్తే నల్లగా నిగనిగలాడుతుంది గాని దుమ్ము పట్టేస్తుంది.

ఏ నేలైనా ముందు పొడిగా ఊడ్చి, తర్వాతే తడిగుడ్డ పెట్టాలి. ఇసుక ఉండగా తుడిస్తే ఆ గుడ్డే గరుకు కాగితం. గడప బయట ముతక పీచు పట్ట, లోపల నూలు పట్ట, చెప్పులు బయటే. గడప ముందు వేసేది బియ్యప్పిండి ముగ్గయితే భయం లేదు. రాతిపొడి అయితే పొద్దున్నే పక్కకు ఊడ్చాలి. కుర్చీ కాళ్ళకు ఫెల్ట్ ముక్కలు అంటించి, వాటికి ఇసుక పట్టిందేమో నెలకోసారి తిప్పి చూడాలి. బీరువా జరపాలంటే కింద గోనెపట్ట మడిచి పెట్టి ఇద్దరు పట్టుకోవాలి.