గేరుబాక్సు దించకముందు

క్లచ్ జారుతోందని బండి తీసుకువెళితే చాలామంది మెకానిక్‌లు మొదట చేసే పని ఒకటుంది. హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేరు వేసి, క్లచ్ పెడల్ వదులుతారు. ఇంజన్ ఆగిపోతే క్లచ్ బాగున్నట్టు, తిరుగుతూనే ఉంటే పోయినట్టు. నా ఆక్టేవియా ఆర్‌ఎస్‌కీ ఒక షెడ్డులో ఈ పరీక్షే పెట్టారు. ఇంజన్ టక్కున ఆగింది. క్లచ్ బ్రహ్మాండంగా ఉందన్నారు. ఆ సాయంత్రమే నాలుగో గేరులో ఓ లారీని దాటబోతే ఆర్‌పీఎం ముల్లు ముందుకు ఉరికింది, బండి ఉరకలేదు.

మర్నాడు విజయవాడ ఆటోనగర్‌లో అరవై దాటిన ఒక మేస్త్రి గారి దగ్గరికి వెళ్ళాను. జబ్బు కనిపెట్టడం కూడా చేతిపనేనని నాకు తెలిసింది ఆయన దగ్గరే.

ఆయన బానెట్ ఎత్తలేదు. "ఏ గేర్లో బాబూ? ఎక్కేటప్పుడా, చదునులోనా? బండి చల్లగా ఉన్నప్పుడా, బాగా తిరిగాకా?" అని అడిగారు. మొదటి షెడ్డులో పెట్టిన పరీక్ష గురించి చెబితే తల అడ్డంగా ఊపారు. ఐడిల్‌లో ఇంజన్‌కి ఉండే బలమెంత? ఆ కాస్త బలాన్ని సగం చచ్చిన క్లచ్ కూడా పట్టుకుంటుంది. ఆ పరీక్షలో తప్పేది పూర్తిగా చచ్చినదే.

2004లో మన దేశానికి వచ్చిన ఈ కారులో 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్ ఉంటుంది. కంపెనీ లెక్కన 150 గుర్రాల బలం, 210 న్యూటన్ మీటర్ల టార్క్. ఆ టార్క్ 1750 ఆర్‌పీఎంకే పూర్తిగా అందుతుంది. నాకు ముందు నడిపినాయన రీమ్యాప్ చేయించి దాన్ని ఇంకా పెంచారు. క్లచ్ మాత్రం పాతదే. కంపెనీ ఇచ్చిన బలానికి తగ్గట్టు పెట్టిన పట్టు అది, అంతకు మించి అడిగితే జారడం దాని తప్పు కాదు. రీమ్యాప్ మాట వినగానే మేస్త్రి గారు, "అయితే రోడ్డు మీదే తేలాలి" అన్నారు.

తెల్లారి రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కించారు. నాలుగో గేరు, యాభై స్పీడు, ఒక్కసారిగా ఫుల్ యాక్సిలరేటర్. మొదటి గేర్లో ఎందుకు చూడలేదన్నది నన్ను చాలా రోజులు ఆలోచింపజేసింది. కింది గేరులో ఇంజన్ చకచకా స్పీడందుకుంటుంది, దాని బలంలో కొంత ఫ్లైవీల్‌నీ తననీ తాను తిప్పుకోవడానికే సరిపోతుంది. పై గేరులో, అందులోనూ ఎక్కుడులో, ఇంజన్ స్పీడు నిదానంగా పెరుగుతుంది కాబట్టి దాదాపు బలమంతా క్లచ్ మీదుగానే వెళ్ళాలి. టర్బో పూర్తిగా ఊదడానికి సమయమూ దొరుకుతుంది. దాక్కున్న జబ్బు బయటపడేది అక్కడే.

గేరులో ఉన్నప్పుడు ఆర్‌పీఎంకీ స్పీడుకీ మధ్య లెక్క తప్పదు. 2000 దగ్గర 60 వెళ్ళే గేరులో 3000 దగ్గర 90 వెళ్ళి తీరాలి. మా బండిలో ముల్లు లేచింది, స్పీడు లేవలేదు. టైర్లు కీచుమనలేదు, ట్రాక్షన్ లైటు వెలగలేదు. అంటే చక్రాలు జారడం కాదు. ఆయన పాదం రవ్వంత వెనక్కి తీశారు. ముల్లు దిగి, బండి పట్టు అందుకుంది. జారుడు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో పాదంతోనే కొలుస్తున్నారు. రెండోసారి అదే చేశారు. మూడోసారి చూద్దామా అన్నాను. "వద్దు. జారిన ప్రతిసారీ ప్లేటు కాలుద్ది. తెలిసింది చాలు," అన్నారు. కాలిన లైనర్ వాసన అప్పటికే లోపలికి వచ్చింది.

ఇంకొకరైతే అప్పుడే గేరుబాక్సు దించేసేవారు. ఈ కారులో అది పెద్ద పని. ఆయన ముందు పెడల్ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నారు. కాలితో కాక అరచేతితో దాన్ని నొక్కి, వదిలి, పూర్తిగా వెనక్కి వస్తోందో లేదో చూశారు. మ్యాట్ తీసి మళ్ళీ చూశారు. తర్వాత బండి వేడిగా ఉండగానే స్లేవ్ సిలిండర్ నిపుల్ వదులు చేశారు. పెడల్ మీద ఎవరి కాలూ లేకపోయినా ఆయిల్ చిమ్మితే, లైన్‌లో ప్రెషర్ నిలిచిపోయి క్లచ్‌ని సగం నొక్కి పట్టినట్టు. అప్పుడు ప్లేటు మంచిదే అయినా జారుతుంది. ఆయిల్ నెమ్మదిగా ఊరిందంతే. ఆఖరికి బండి కింద దూరి ఇంజన్‌కీ గేరుబాక్సుకీ మధ్య అతుకు వెంట వేలు రాసి, వాసన చూశారు. గేర్ ఆయిల్ ఘాటు వేరు, ఇంజన్ ఆయిల్ వాసన వేరు. ఏ సీలు కారుతోందో వేలే చెబుతుంది. వేలు పొడిగా ఉంది.

"ఇప్పుడు దించుదాం. ఎందుకు పోయిందో చూశాక చెబుతా," అన్నారు. తన పరీక్షలు రుజువు చేసినంత వరకే మాట్లాడి ఆగిన ఆ మాట నాకెంతో నచ్చింది.

దించాక చూస్తే ప్లేటు మందం రివెట్ల పైన ఇంకా చాలా ఉంది. కానీ ముఖం అద్దంలా మెరుస్తోంది. ఫ్లైవీల్ మీద వేడికి లేచిన నీలం మచ్చలు. దాని మీద కొత్త ప్లేటు వెయ్యనని ఖరాఖండిగా చెప్పేశారు. ఎక్కువ టార్క్ మోసే క్లచ్ సెట్టుతో పాటు ఫ్లైవీల్ కూడా తెప్పించాం. నాలుగు రోజులు పట్టింది.

సామాను వచ్చిన రోజు కుర్రాడు పెట్టె విప్పబోతే ఆగమన్నారు. బయట కుళాయి దగ్గరికి వెళ్ళి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నారు. గోళ్ళ సందుల్లోది పోలేదని మళ్ళీ రుద్దుకున్నారు. ఉతికిన గుడ్డతో తుడుచుకుని వచ్చి, ప్లేటుని అంచులు పట్టుకుని, ముఖానికి వేలు తగలకుండా, పెట్టెలోంచి పైకి తీశారు.